అప్పన్నకి ఒగ్గేశాను

నిన్ననే సింహాచలం అప్పన్నస్వామి కొండ చుట్టూ గిరి ప్రదక్షిణ పూర్తి చేసి వచ్చా, అరికాళ్లు ఇంకా మండుతున్నాయి, అయినా ఇప్పుడే రాసేయాలి అనిపించింది.

మా పెదనాన్న కొడుకు, అన్నయ్యే అవుతాడు, పోయిన ఏడాది మా పొలం గట్టు జరిపేసి నాన్న పెట్టిన ఐదు కొబ్బరి చెట్లు రాత్రికి రాత్రి కొట్టించేశాడు. పొద్దున్న వెళ్లి చూస్తే మొదళ్ల నుంచి ఇంకా నీరు కారుతోంది. తమ్ముడు కత్తి పట్టుకుని వాళ్ల మోటారు వైరు కోసేస్తానని బయల్దేరితే గుమ్మానికి అడ్డం నిలబడ్డా. లోపల నాకూ మండిపోతోంది. ఆ రోజే మొక్కుకున్నా, స్వామీ మావాళ్ల చెయ్యి లేవకుండా, నా నోరు జారకుండా చూడు, నీ కొండ చుట్టూ నడుస్తానని. మొన్న సర్వే అయింది, హద్దు రాయి పాత చోటే పడింది.

కొండ కింద తొలిమెట్టు, తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి చతుర్దశి మధ్యాహ్నం మొదలెట్టాం. 32 కిలోమీటర్లు. హనుమంతవాక దాకా బాగానే ఉంది, అప్పూఘర్‌లో సముద్రస్నానం చేశాక తడి బట్టలు ఒరుసుకుని నరకం. జనం తోసేస్తున్నారు, బైకులెందుకు వదులుతారో ఆ రోడ్డు మీద, చిన్నపిల్లలు నడుస్తుంటే! కంచరపాలెం వచ్చేసరికి మడమ బొబ్బ చితికిపోయి అరుగు మీద కూలబడ్డా. ఆ ఇంటి మామ్మగారు అడక్కుండానే చెంబుతో పసుపు నీళ్లు తెచ్చి నా కాళ్లు కడిగారు. వద్దండీ, పెద్దవారు మీరు అంటే వినలేదు. పాత చీర చింపి మడమకి కట్టు కడుతూ, ఎందుకమ్మా మొక్కుకున్నావు అనడిగారు. ఏడుస్తూ అంతా చెప్పేశా. కట్టు ముడేస్తూ "అప్పన్నకి ఒగ్గీయమ్మా, ప్రహ్లాదుణ్ణి కొండ మీంచి తోసేస్తే పట్టుకున్నవాడు నిన్నొగ్గేత్తాడేటి" అన్నారు, అంటే ఆయనకే వదిలెయ్యమని, మజ్జిగ గ్లాసు చేతిలో పెట్టారు. ఆవిడ పేరు కూడా అడగలేదు నేను.

దర్శనం క్యూలో మళ్లీ తోపులాట, ఒకాయన మోచెయ్యి నా డొక్కలో గుచ్చుకుంది, కోపమొచ్చింది, గోవిందా అనుకుని ఊరుకున్నా. లోపల రెండే రెండు క్షణాలు. పౌర్ణమికి స్వామికి ఒంటినిండా పూసే చందనం నాలుగో విడత కదా, స్వామి నిండుగా ఉన్నాడు, ముఖం కనబడదు, అయినా నన్నే చూస్తున్నట్టుంది. అడగాలనుకున్నవన్నీ మర్చిపోయా. జరగండమ్మా జరగండి అని లాగేశారు.

ప్రసాదం ఐదు పొట్లాలు తెచ్చా. ఒకటి అన్నయ్య వాళ్లింటికి. తమ్ముడు ఇంకా ముఖం ముడుచుకునే ఉన్నాడు, అయినా సాయంత్రం నేనే వెళ్లి వదిన చేతికిచ్చి వస్తా.