బాబాయి వేసిన భూతం డ్రస్సు

అటక మీద ఇత్తడి బిందెల వెనక, ఎరువుల గోతాంలో దొరికింది. మూతి విప్పగానే పాత సైకిల్ ట్యూబు వాసన, దాని మీద ఎలుకల వాసన.

మాది పాలకొల్లు. బాబాయి నాటకాలాడేవాడు. తొంభైల మొదట్లో దూరదర్శన్‌లో ఒక పిల్లల సీరియల్‌లో చెరువు భూతం వేషం వేశాడు. ఆఖరి పేమెంటు బదులు ఆ డ్రస్సే చేతిలో పెట్టి బస్సెక్కించారట. ఇన్నేళ్లూ పిన్ని దాన్ని పారేయనివ్వలేదు, అలాగని కిందికి దించనూ లేదు. ఈ సంక్రాంతికి దాన్ని హాల్లో నిలబెట్టాలని నేను పంతం పట్టాను.

తల రబ్బరుది. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ అచ్చులో లేటెక్స్ పాలు పోసి తీసింది. ఒళ్లంతా గోనెగుడ్డ మీద ముడులేసిన కొబ్బరి పీచు. పొట్టకీ భుజాలకీ స్పాంజి. ముందు పోయింది స్పాంజే. పట్టుకుంటే బొంబాయి రవ్వలా రాలింది, అడుగున బెల్లంపాకంలా వేళ్లకి అంటుకుంది. గాల్లో తేమ ఆ స్పాంజిని లోపల్నించే విడగొడుతుంది. మా వైపు వానాకాలంలో తేమ మీటరు 85 చూపించడం మామూలే, ఇన్నాళ్లు ఆగడమే గొప్ప. అదంతా తీసేసి, టీవీ ప్యాకింగులో వచ్చే తెల్ల ఫోము కోసి, నూలుగుడ్డ చుట్టి పెట్టాను.

తల దగ్గర రెండు తెలివితక్కువ పనులు చేశాను. వాసన పోతుందని వడియాలు ఎండేసినట్టు డాబా మీద ఎండలో పెట్టాను. రబ్బరుకి ఎండే మొదటి శత్రువని తర్వాత తెలిసింది. చెవి పట్టుకుని ఎత్తబోతే చెవి నా చేతిలోకి వచ్చేసింది. ఇంకోటి, తల కూర్చోబెట్టడానికి థర్మోకోల్ దిమ్మ చెక్కి, పురుగు పట్టకుండా పక్కన నాఫ్తలీన్ ఉండలు వేసి డబ్బాలో పెట్టి మూశాను. కొన్నాళ్లకి చూస్తే దిమ్మకి గుంటలు పడ్డాయి. ఆ ఉండల ఆవిరి థర్మోకోల్‌ని కరిగిస్తుందట!

ఒక విషయం మాత్రం చాలాసేపు అర్థం కాలేదు. తలంతా ఎండిన మామిడి తాండ్రలా గట్టిపడితే, కొమ్ముల మొదట్లో మాత్రం జిగురుగా, మెత్తగా ఉంది. కొమ్ములు కదిపి చూస్తే లోపల రాగి తీగ, దాని చుట్టూ ఆకుపచ్చ మరక. రాగి తగిలిన చోట రబ్బరు తొందరగా చెడుతుంది. తీగ తీసి నూలుతాడు కట్టాను. పగుళ్లకి లోపలివైపు గాజుగుడ్డ పేలికలు పెట్టి కొత్త లేటెక్స్ పూశాను. అమోనియా ఘాటుకి కళ్లు మండిపోయాయి. చెవి కూడా అలాగే అతికింది, కొంచెం వంకరగా.

పీచులో పురుగుంది. మందు కొట్టాలంటే భయమేసింది. మ్యూజియాల్లో బట్టల్ని గట్టి చలిలో పెట్టి పురుగు చంపుతారని చదివి, భీమవరం దగ్గర రొయ్యల కోల్డ్ స్టోరేజీలో తెలిసినాయన్ని అడిగాను. ‘భూతాన్ని పెడతారాండీ? ఆయ్, పెట్టండి, రొయ్యలకేం భయం లేదు’ అన్నాడు. తల ఇంట్లోనే ఉంచాను, గడ్డకట్టే చలికి పాత రబ్బరు పెళుసెక్కి విరుగుతుంది. ఒళ్లు మాత్రం పాలిథిన్ కవర్లో గాలి తీసి కట్టి, సున్నాకి 20 డిగ్రీల కింద రెండు వారాలు ఉంచాం. తెచ్చాక ఒక రోజంతా కవరు విప్పకూడదు. విప్పితే చెమ్మంతా పీచుకే పడుతుంది. తర్వాత వ్యాక్యూమ్ గొట్టానికి దోమతెర ముక్క కట్టి మెల్లగా దుమ్ము లాగాను.

ఇక ఎలుకలు కొట్టిన చోట్లు. వీపు మీద రెండు అరచేతులంత బట్టతల. నేను ఫెవికాల్‌తో అతికిద్దామనుకున్నాను. పిన్నిది నర్సాపురం. చిన్నప్పట్నించీ లేసు అల్లిన చెయ్యి. ‘అతుకులేంట్రా, ముడెయ్యాలి’ అని కొక్కెం సూది తెచ్చుకుని కూర్చుంది. గోనె సందులోంచి సూది దూర్చి, నాలుగు పీచు పోగులు పట్టి లాగి, ఆ ఉచ్చులోంచే కొసలు తీసి బిగిస్తుంది. ఒక్కో ముడికి ఒక్క చిటికె. సినిమా విగ్గులూ అలాగే కడతారు, జుట్టు పోగులతో. నేను ప్రయత్నిస్తే గంటకి పదకొండు ముడులు పడ్డాయి, అందులో నాలుగు ఊడిపోయాయి.

రంగు దగ్గర ఇంట్లో గొడవ. నా జ్ఞాపకంలో ఆ భూతం నల్లటిది. పీచేమో ఇప్పుడు గడ్డి రంగు. చంక కుట్టు విప్పి చూస్తే వెలుతురు తగలని చోట నెమలి మెడ రంగు మెరిసింది. అప్పట్లో మా వీధిలో ఉన్నవన్నీ బ్లాక్ అండ్ వైట్ టీవీలే! మొత్తం నెమలి రంగు వేసేద్దామని నాకు చెయ్యి దురద. బాబాయి వద్దన్నాడు. ‘నేను మోసినప్పుడు అదే రంగు, నిజమే. ఇప్పుడు నాకు మాత్రం జుట్టుకి రంగేస్తావా ఏంటి?’ అన్నాడు. దాంతో కొత్త పీచుకి మాత్రం రంగద్ది, డాబా మీద పది రోజులు ఎండలో వెలవనిచ్చాం. చెవిని పాడుచేసిన ఎండే అక్కడ అక్కరకొచ్చింది. చంక దగ్గర పాత రంగు కనిపించేలా చెయ్యి కొంచెం పైకి లేపి నిలబెట్టాం.

పెట్టె అల్యూమినియం సెక్షన్లతో చేయించాను, ప్లైవుడ్ వదిలే ఆవిర్లు పాత సరుకుకి మంచివి కావు. పడమటి కిటికీకి దూరంగా, చిన్న ఎల్‌ఈడీ బల్బు, అదీ ఎవరైనా వచ్చినప్పుడే. అడుగున ట్రేలో సిలికా జెల్. నీలం గింజలు తేమ పీల్చి గులాబీ రంగు కాగానే పాత మూకుడులో సన్నసెగన వేడిచేస్తే మళ్లీ నీలమవుతాయి. ఆ మూకుడు పిన్ని ఇక వంటింట్లోకి రానివ్వలేదు, మంచిపనే చేసింది.

భోగినాడు చుట్టాలంతా వచ్చారు. ‘ఇది నల్లగా ఉండాలి కదండీ’ అని పెద్దవాళ్లంతా ఒకటే వాదన. పిల్లలు ఒక్కరూ జడవలేదు, ఆ వంకర చెవి చూసి నవ్వారు. అందరూ భోజనాలకి లేచాక బాబాయి ఒక్కడే పెట్టె ముందు నిలబడ్డాడు. మెడ దగ్గర జిప్పు పైదాకా వేశాను, చూడ్డానికి బాగుంటుందని.

‘అది కొంచెం కిందికి లాగరా,’ అన్నాడు. ‘లోపల ఊపిరాడదు.’