కొక్కెం అతికించిన చార్మినార్ రూపాయి

అమ్మమ్మ గొలుసులోంచి ఊడొచ్చిన నిజాం నాటి చార్మినార్ రూపాయిని ఆబిడ్స్‌లో పాత నాణేలు అమ్మే పెద్దాయనకు చూపించాను. అంచున కొక్కెం అతికించిన గుర్తు చూడగానే, "వెండి ధర వస్తుందమ్మా, నాణేలు సేకరించేవాళ్లు అంతకు మించి పెద్దగా పెట్టరు" అన్నారు. ఆ వెండి కూడా 81.8 శాతమే.

ఆ తర్వాత ఆయన చెప్పింది నాకు చాలా నచ్చింది. టంకశాలలోనే పొరపాటు జరిగితే నాణెం ధర పెరగొచ్చు, బయటికొచ్చాక దెబ్బ తగిలితే తగ్గుతుంది. అంచు కొరికినట్టున్న నాణెం ఒకటి నా చేతిలో పెట్టారు. అచ్చు పడకముందే బిళ్ల అలా తెగి ఉంటే, సరిగ్గా ఎదురువైపు అంచు కూడా చాలాసార్లు పలచగా, అచ్చు సరిగా పడకుండా ఉంటుందట. తర్వాత ఎవరో కత్తిరించిన దానికి ఆ గుర్తు రాదు. ఎంత చక్కటి ఆధారం!

ఇప్పటి నాణేల మీద సంవత్సరం కింద నక్షత్రం గుర్తు ఉంటే అది మన హైదరాబాద్ టంకశాలది. అలాంటివి కోట్లలో ఉన్నాయి. దానికే లక్షలిస్తామని ఫోన్ చేసి ముందు ఫీజు కట్టమనేవాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది.

రూపాయిని మాత్రం అమ్మట్లేదు. చింతపండుతో తోమొద్దని ఇంట్లో అందరికీ చెప్పాను, తోమితే పాత నాణెంగా ఉన్న కాస్త విలువ కూడా పోతుంది.