జుట్టు వెనక్కి దువ్వడానికి నేను పడ్డ పాట్లు

మొన్న ఆదివారం ప్రొద్దుటూరులో మా బావమరిది పెళ్ళి. మండపంలో ఫొటోగ్రాఫర్ నన్ను రెండుసార్లు పక్కకు జరిపాడు, "సార్, మీ తల మీద లైటు కొడతాంది" అని. విసుక్కున్నాడో మెచ్చుకున్నాడో తెలియదు కానీ నాకు మాత్రం మెళ్ళో దండ వేసినట్టే ఉంది. జుట్టంతా వెనక్కి దువ్వి, ఒక్క పాయ లేవకుండా, తడిగా మెరిసేలా కూర్చోబెట్టడానికి నాకు పది నెలలు పట్టింది. సుమారు నాలుగున్నర వేలు పోయాయి. మామగారి దగ్గరున్న పరువు కూడా పోయింది, దాని సంగతి కింద చెబుతాను.

పోయిన జూలైలో తిరుమలలో పాప పుట్టెంట్రుకలు తీయించినప్పుడు నేనూ గుండు చేయించుకున్నాను. అక్కడి నుంచి లెక్క. జుట్టు నెలకు సెంటీమీటరు, ఇంకాస్త పెరుగుతుంది, అంతే. ఏ నూనె రాసినా, ఏ ఉల్లిపాయ రసం రుద్దినా దాని దారి దానిదే. వెనక్కి దువ్వితే పడి ఉండాలంటే పైన కనీసం నాలుగు అంగుళాలు కావాలి. అంటే ఎనిమిది నెలలు నోరు మూసుకుని కూర్చోవడమే. నాలుగో నెలలో చెవుల మీద గుబురుగా లేచి ముళ్ళపందిలా ఉంటుంది, ఆఫీసులో అందరూ ఒక మాట అంటారు, పట్టించుకోకండి.

ఎందుకు ఇదే కావాలనుకున్నానంటే, చిన్నప్పుడు మా నాన్న అద్దం ముందు ఎప్పుడూ బ్రిల్‌క్రీమ్ సీసా ఉండేది. 1928లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో పుట్టిన సరుకు అది. నీళ్ళు, మినరల్ ఆయిల్, తేనెమైనం కలిపి చిలికిన తెల్లటి క్రీము. మన క్రికెటర్ ఫరూఖ్ ఇంజనీర్ దాని ప్రకటనల్లో కనిపించేవాడు, మా నాన్న ఆ మాట ఇప్పటికీ చెబుతాడు. ఆదివారం స్నానం చేసి, వేలితో కొంచెం తీసుకుని, దువ్వెనతో ఒకే ఒక్క దువ్వు. మళ్ళీ సోమవారం దాకా ఆ తల కదిలేది కాదు.

ఇలా వెనక్కి దువ్వే తీరును ఇంగ్లీషులో స్లిక్ బ్యాక్ అంటారు, ఫోన్లో ఆ పేరుతో వెతికితే వంద బొమ్మలు వస్తాయి. వడపోస్తే తేలేవి రెండే విషయాలు: పక్కలు ఎంత తీయాలి, పైన మెరవాలా వద్దా. గుండ్రటి ముఖమైతే పక్కలు బాగా తగ్గించుకోవచ్చు. నాది పొడుగు ముఖం. పక్కలు గీకేస్తే సొరకాయకు టోపీ పెట్టినట్టే. కాబట్టి పక్కలు కత్తెరతో, మెడ దగ్గర మెల్లగా తగ్గిస్తూ. ఇంతవరకు నాకు నేనే తేల్చుకున్నాను, సరిగ్గానే తేల్చుకున్నాను. చెడిందంతా కుర్చీలో కూర్చున్నాకే.

ఇక్కడొక ఇంటి గుట్టు చెప్పాలి. నా నడినెత్తిన రెండు సుళ్ళున్నాయి. మామూలుగా అందరికీ ఒకటే ఉంటుంది, ఎక్కువమందికి అది గడియారం ముల్లు తిరిగే వైపే తిరుగుతుంది. నాకు ఒకటి అటు, ఒకటి ఇటు. రెండు సుళ్ళుంటే రెండు పెళ్ళిళ్ళని మన దగ్గర ఒక మాట ఉంది కదా. పెళ్ళిచూపులకు పోయేముందు మా అమ్మ నా తలకు కొబ్బరినూనె బాగా పట్టించి, రెండూ కనపడకుండా అడ్డంగా దువ్వి, "ఆడ వంగి ఎవరి కాళ్ళకూ మొక్కొద్దు" అని చెప్పి మరీ తీసుకుపోయింది. తర్వాత మా ఆవిడకు తెలిసింది, నవ్వి వదిలేసింది. అత్తగారింటికి మాత్రం ఆరేళ్ళుగా తెలియదు. తిరుమల నుంచి వచ్చాక నెలన్నర నేను టోపీ తీయలేదంటే ఎండకు భయపడి కాదు.

మార్చిలో మామగారు బీపీ డాక్టరు కోసం కడపకు వచ్చారు. అదే రోజు నేను కటింగుకు పోతూంటే, "నేనూ వస్తా పా అల్లుడూ, తలకు రంగు వేయించుకోవాల" అన్నారు. వద్దనలేం కదా. ఊళ్ళో ఈమధ్య తెరిచిన ఒక ఏసీ సెలూన్‌కు తీసుకుపోయాను. పేరు చెప్పను. గాజు తలుపు, కాఫీ మిషను, గోడకు పెద్ద టీవీ, అందులో పాటలు. మామగారిని ఒక కుర్చీలో కూర్చోబెట్టి తలంతా నల్లటి పేస్టు పూశారు. పక్క కుర్చీలో నేను.

నల్ల టీషర్టు వేసుకున్న కుర్రాడు వచ్చాడు. నేను ఫోన్లో ఫొటో చూపించి, పక్కలు కత్తెరతో చాలు అని చెప్పాను. వాడు ఫొటో చూడలేదు. నా నుదురు చూశాడు. "సార్, ముందు స్కాల్ప్ అనాలిసిస్ చేద్దాం, ఫ్రీ" అన్నాడు. ఫ్రీ అన్న మాట దగ్గరే లేచి వచ్చేయాల్సింది.

పెన్ను సైజు కెమెరా ఒకటి తెచ్చి నా నెత్తికి ఆనించాడు. టీవీలో పాట ఆగిపోయింది. ఆ స్థానంలో నా నెత్తి వచ్చింది. గోడంత. ఒక్కో వెంట్రుక బావి మోకంత లావుగా ఉంది, మధ్యలో చర్మం ఎండిన చెరువులా. ఎదురుచూస్తున్న వాళ్ళు నలుగురున్నారు, వాళ్ళంతా ఫోన్లు దించి చూడడం మొదలుపెట్టారు. వాడు కర్ర పట్టుకున్న భూగోళం మాస్టారిలా, "ఇక్కడ చూడండి సార్, ఒక్కో కుదురు నుంచి రెండు మూడు రావాలి, మీకు ఒకటే వస్తాంది. ఇక్కడ ఖాళీ. ఇక్కడ కూడా ఖాళీ" అని కెమెరా జరుపుకుంటూ పోయాడు. నుదుటి నుంచి మొదలుపెట్టి నడినెత్తికి వచ్చాడు. అక్కడ ఆగాడు.

"సార్, మీకు డబుల్ ఉంది!"

టీవీలో రెండు సుడిగుండాలు పక్కపక్కనే తిరుగుతున్నాయి. నేను కళ్ళు మూసుకున్నాను. పక్క కుర్చీలోంచి ఒక్క క్షణం ఏ చప్పుడూ లేదు. తర్వాత మామగారి గొంతు, నింపాదిగా: "ఏమబ్బా అల్లుడూ, పెండ్లప్పుడు ఈ సంగతి మాకు చెప్పలేదే."

నలుగురూ నవ్వారు. మామగారు నవ్వలేదు. తలకు నల్లటి పేస్టుతో, మెడకు తెల్లగుడ్డతో, అద్దంలోంచి నన్నే చూస్తున్నారు. నేను ఏదో అనాలి కాబట్టి, "అది ఈమధ్యే వచ్చింది మామా" అన్నాను. సుడి ఈమధ్య వస్తుందా? పుట్టుకతో వచ్చేది. ఆ ముక్క మామగారికి తెలియదనుకున్న నాకు బుద్ధి లేదు.

ఆ కంగారులో కుర్రాడు ఏం చేస్తున్నాడో చూసుకోలేదు. జుట్టు ఒత్తుగా చేసే సీరం ప్యాకేజీ పద్నాలుగు వేల అయిదు వందలని చెబుతూనే మిషను తీసి పక్కలు ఎత్తుగా గీకాడు, అంతటితో ఆగక నడినెత్తి మీదికీ పోయాడు. సుడి దగ్గర జుట్టు పొట్టిగా తీస్తే ఏమవుతుందో ఆ పని నేర్చుకున్న ఎవరికైనా తెలిసి ఉండాలి. బరువు పోయిన వెంట్రుక పడుకోదు, తను పుట్టిన దిక్కుకే లేచి నిలబడుతుంది. నాకు రెండు దిక్కులు. లేచేసరికి ముందు నున్నగా, వెనక రెండు కొమ్ములు. బిల్లు పందొమ్మిది వందలు. అందులో కన్సల్టేషన్ అని అయిదు వందలు. ఫ్రీ అన్నావు కదా అంటే, ప్యాకేజీ తీసుకుంటే ఫ్రీ అట. మామగారి రంగుతో కలిపి కట్టాను. మామగారు పక్కన ఉన్నారు, గొడవ పెట్టుకునే ధైర్యం ఆరోజు నా దగ్గర లేదు.

తర్వాత తెలిసిన చర్మం డాక్టరును అడిగితే, రోజుకు యాభై నుంచి వంద వెంట్రుకలు రాలడం అందరికీ మామూలేనని, మనిషి నెత్తిని కెమెరాతో గోడంత చేసి చూపిస్తే ఎవరికైనా ఖాళీలు కనిపిస్తాయని చెప్పి నవ్వాడు. ఫీజు కూడా తీసుకోలేదు. మీకు నిజంగా పలచబడుతోందన్న అనుమానముంటే డాక్టరు దగ్గరికి పోండి, సీరం అమ్మేవాడి దగ్గరికి కాదు. అద్దాల గది కనబడగానే పెద్ద పనివాళ్ళనుకునే జబ్బు మన ఊళ్ళకు కొత్తగా పట్టుకుంది, నాకూ పట్టింది.

ప్రొద్దుటూరుకు ఆ కబురు బస్సు కంటే ముందే చేరింది. ఆ రాత్రి అత్తగారు మా ఆవిడకు ఫోన్ చేసి, మాటల మధ్యలో, నా ఆఫీసులో ఆడవాళ్ళు ఎంతమంది అని అడిగారట.

ఇక పెళ్ళికి మిగిలింది ఏడు వారాలు. మా వీధి చివర షాపుకు పోతే అక్కడి అన్న నా తల తిప్పి చూసి, "ఎవడు చేసినాడు ఇది?" అని మాత్రం అన్నాడు. నెల పాటు ఎవరి చేతా వెనక కత్తెర పెట్టించొద్దని చెప్పి డబ్బులు తీసుకోలేదు. అయితే ఆయన చెప్పినదంతా వేదం కాదు. ఆముదం రాస్తే పడుకుంటుందన్నాడు. రాశాను. పడుకుంది. దానితోపాటు ఈగలు కూడా వచ్చాయి.

జుట్టును మెరిపించి కదలకుండా పట్టి ఉంచే ముద్ద, అదే పొమేడ్, దాని సంగతికొస్తే, డబ్బా కొనేముందు వెనక అచ్చు చదవండి. నేను చదవలేదు. మొదట కొన్నది పెట్రోలియం జెల్లీ, మైనంతో చేసిన రకం. మెరుపు అద్భుతం. కానీ అది నీళ్ళకు పోదు. మా బోరు నీళ్ళలో మామూలు సబ్బే నురగ రాదు, ఇదేం పోతుంది? మూడుసార్లు షాంపూ పెట్టినా తల జిడ్డుగానే ఉంది, నుదుటి అంచున మొటిమలు లేచాయి, మా ఆవిడ దిండు గలేబులు వేరు పెట్టింది. చివరికి పోయిన విధానం ఇది: తడపకుండా పొడి తలకే కొబ్బరినూనె బాగా రుద్ది, ఆ మైనాన్ని నూనెతో కరిగించి, ఆపైన శనగపిండి, ఆపైన షాంపూ. జిడ్డును జిడ్డే తీస్తుంది. పైగా మన మే నెల ఎండకు మైనం మెత్తబడి కళ్ళలోకి దిగుతుంది. అందుకని నీళ్ళకు కరిగే రకం కొనండి, సాయంత్రం ఒక్క షాంపూతో వదిలిపోతుంది.

పెట్టుకునే పద్ధతి మాత్రం నాకు నేనే సాధించాను, చెప్పుకుంటే తప్పు లేదు. జుట్టు సగం ఆరాక హెయిర్ డ్రయర్ పెట్టి వెనక్కి దువ్వుతూ ఆరబెట్టాలి. అసలు పని అక్కడే అయిపోతుంది, పొమేడ్ దాన్ని పట్టి ఉంచడానికే. శనగ గింజంత తీసుకుని అరచేతుల్లో కనపడనంతగా రుద్ది, ముందు వెనకభాగానికి, చివర ముందుభాగానికి పట్టించాలి. అందరూ ముందు నుదుటి దగ్గర పూస్తారు, అక్కడే ముద్ద కడుతుంది. సుళ్ళ దగ్గర నిట్టనిలువుగా వెనక్కి లాగితే లేస్తాయి. నేను కొంచెం కుడికి ఏటవాలుగా దువ్వి, పైన తడి తువ్వాలు అయిదు నిమిషాలు చుట్టాను. రెండూ పడుకున్నాయి.

పెళ్ళిరోజు పొద్దున నాలుగున్నరకు లేచి ఇదంతా చేశాను. మండపంలో మామగారు వచ్చి నా చుట్టూ ఒకసారి తిరిగారు. వెనక ఆగి, చూసి, ఏమీ అనకుండా వంటల వైపు వెళ్ళిపోయారు.

ఒక్కటి మాత్రం నాకు ముందు తోచలేదు. నీళ్ళకు కరిగే పొమేడ్ చెమటకు మళ్ళీ జిగురవుతుంది. పెళ్ళికొడుకు వెనక నిలబడిన వాడి మీద సగం ఊరి అక్షింతలు పడతాయి. రాత్రి ఇంటికొచ్చి మా ఆవిడ దువ్వెన తీసుకుని ఒక్కొక్కటే ఏరింది. పదిహేడు గింజలు, అందులో తొమ్మిది సుళ్ళలోనే.