యాస్ ఐలాండ్‌లో ఫైట్ నైట్: ఆ ఈలలు ఎవరి మీద?

మన దగ్గర యూఎఫ్‌సీ (గుద్దులు, తన్నులు, కుస్తీ కలిసిన ఎంఎంఏ పోటీలు నడిపే అమెరికా సంస్థ) అంటే ఆదివారం పొద్దుటి వ్యవహారం. లాస్‌వేగాస్‌లో శనివారం రాత్రి కొట్టుకునేది మనకు టిఫిన్ వేళకు వస్తుంది. అబుదాబి కార్డులు (కార్డ్ అంటే ఒక రాత్రి జరిగే ఫైట్ల వరస) మాత్రం మనకు అనుకూలం. 2025 అక్టోబర్ 25, శనివారం జరిగిన యూఎఫ్‌సీ 321లో ప్రిలిమ్స్ (ముందు జరిగే చిన్న ఫైట్లు) అక్కడి టైములో సాయంత్రం 6కి, మెయిన్ కార్డ్ (పెద్ద ఫైట్లు) రాత్రి 10కి మొదలయ్యాయి. మన టైములో మెయిన్ కార్డ్ రాత్రి పదకొండున్నర. అమెరికా తూర్పు తీరంలో అప్పుడు మధ్యాహ్నం రెండు. అందుకే అంత ఆలస్యంగా పెడతారు. అంటే అక్కడికి వెళ్లేవాళ్లు ఆరేడు గంటలు కుర్చీలో కూర్చోవడానికి సిద్ధపడాలి. మెయిన్ ఈవెంట్ (చివరి, అసలు ఫైట్) అయ్యేసరికి అర్ధరాత్రి దాటుతుంది. ఆదివారం తెల్లవారుజామున తిరుగు విమానం బుక్ చేసుకోవడం తెలివైన పని కాదు. ఈ 321లో చివరి ఫైట్ కళ్లలో వేళ్లు దిగి మధ్యలోనే ఆగిపోయింది, హాల్లో ఈలలు, 'బూ'లు మోగాయి. అవి ఎవరి మీదన్నదే ఇక్కడి ప్రశ్న.

ఎతిహాద్ అరీనా యాస్ ఐలాండ్ దక్షిణపు అంచున, యాస్ బే నీళ్ల ఒడ్డున ఉంటుంది. 2021 జనవరిలో తెరిచింది కూడా యూఎఫ్‌సీ కార్డుతోనే. పద్దెనిమిది వేల మంది దాకా పడతారు. జాయెద్ ఎయిర్‌పోర్ట్ నుంచి టాక్సీలో పావుగంట లోపు దారి. దుబాయ్ నుంచి వస్తే ట్రాఫిక్ లేనప్పుడు గంట పైచిలుకు పడుతుంది. హోటల్ యాస్ బేలోనే దొరికితే ఖర్చు ఎక్కువైనా తీసుకోమంటాం. దాని విలువ రాత్రి ఒంటిగంటకు బయటికొచ్చినప్పుడు తెలుస్తుంది.

సీటు గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే అక్కడినుంచి ఏం కనిపిస్తుందో దాన్నిబట్టే జనం అరుస్తారు. ఫైట్ జరిగే ఎనిమిది పలకల కేజ్‌ని ఆక్టగాన్ అంటారు: ముప్పై అడుగుల వెడల్పు, చుట్టూ దాదాపు ఆరడుగుల కంచె, ఎనిమిది మూలల్లో మెత్తని తొడుగు వేసిన స్తంభాలు. ఇదంతా ఎత్తైన వేదిక మీద ఉంటుంది. నేలమీది సీట్లు చదునుగా వేస్తారు కాబట్టి నాలుగైదు వరసలు దాటాక ముందువాళ్ల తలలు, కంచె మీదికి వంగిన కెమెరామెన్ వీపులు అడ్డొస్తాయి. ఫైటర్లు కిందపడి అవతలి కంచెకు చేరారంటే ఇక పైన వేలాడే స్క్రీనే గతి. నేలసీట్లలో వెనక వరసలకు అంత డబ్బు పోసే బదులు, మెట్లు మొదలయ్యే చోట పదో వరస చుట్టుపక్కల తీసుకుంటే చూపు కంచె మీదుగా లోపలి కాన్వాస్‌దాకా పోతుంది. ఇంకా పైకి పోతే ఆట మొత్తం కనిపిస్తుంది కానీ దెబ్బ తగిలిందా, చేతుల మీద ఆగిందా అన్నది తెలియదు. పై అంచెల్లో వినిపించే 'ఓ...' అనే అరుపుల్లో సగం గార్డ్ మీద ఆగిన దెబ్బలకే. కొసల్లో పెట్టే స్క్రీన్లు, కెమెరా క్రేన్లు ఎక్కడుంటాయో టికెట్ సైటులోని బొమ్మలో చూపించరు. అందుకని కొసన ఉండే బ్లాకులు వదిలేయడం మంచిది.

ఇంటి దగ్గర చూసేవాళ్లకు ఉండి, హాల్లో లేనిదొకటుంది: వ్యాఖ్యానం. రిఫరీ ఏమన్నాడో, డాక్టర్ ఏమడిగాడో, కార్నర్‌లో కోచ్ ఏం తిట్టాడో టీవీలో వినపడుతుంది. హాల్లో వినపడదు. పాట, అరుపు, మధ్యలో అనౌన్సర్ గొంతు, అంతే. ఆ రాత్రి చివర జరిగిన గొడవకు మూలం ఇక్కడే ఉందని మా లెక్క.

బరువు తూచడం ముందురోజు. అసలు తూకం పొద్దున హోటల్లో, మీడియా ముందు. సాయంత్రం అభిమానుల ముందు జరిగేది ఉత్త తతంగం. అప్పటికి ఫైటర్లు నీళ్లు తాగి, తిని, కొన్ని కిలోలు తిరిగి ఎక్కి ఉంటారు. అయినా వెళ్లాలి, ఎవరి వెనక ఎంత జనం ఉన్నారో అక్కడే తెలిసిపోతుంది. అబుదాబిలో ఎప్పుడూ ఉండేది రష్యన్ మాట్లాడే గుంపు. దాగెస్తాన్ నుంచి వచ్చినవాళ్లు, కజకులు, గొర్రెతోలు పాపాఖా టోపీలు. 2019 సెప్టెంబర్‌లో ఇదే ద్వీపంలో దాగెస్తాన్ చాంపియన్ ఖబీబ్, అమెరికా ఫైటర్ డస్టిన్ పోయిరియర్‌ని చోక్‌తో (గొంతు నొక్కే పట్టుతో) ఓడించినప్పటి నుంచి వీళ్లకిది సొంతిల్లు లాంటిది. ఈసారి మెయిన్ ఈవెంట్‌లో ఇంగ్లండ్‌కి చెందిన హెవీవెయిట్ చాంపియన్ టామ్ ఆస్పినల్ ఉన్నాడు కాబట్టి ఇంగ్లిషువాళ్లు కూడా దండుగా దిగారు.

ఇక్కడ తెలుగువాళ్లు పొరపడే సంగతొకటి. మన థియేటర్లో ఈల అంటే సంబరం. ఇక్కడ రష్యన్లు, యూరప్‌వాళ్లు ఈల వేస్తే అది ఛీకొట్టడం. ఎవరో క్లించ్‌లో పట్టుకుని కంచెకు అదిమి నిలబడ్డప్పుడు ఈలలు మొదలైతే, అబ్బో జనం ఊగిపోతున్నారనుకుని మనమూ గొంతు కలిపామంటే పక్కవాడు వింతగా చూస్తాడు.

ఈ గుంపుకున్న ఇంకో గుణం కుస్తీ తెలియడం. లాస్‌వేగాస్ జనం పిడిగుద్దుకు లేస్తారు. ఇక్కడ సగంమంది, ఒకడు సింగిల్ లెగ్ (పడేయడానికి ఒక కాలు) పట్టి అవతలివాడి మడమను నేలమీంచి లేపగానే లేస్తారు. వెనక చేరి కాళ్లు నడుముకి కొక్కెంలా వేశాడంటే, చోక్ ఇంకా గొంతు దగ్గరికి రాకముందే గోల. హాల్లో గోల ఎటునుంచి ముందు పుట్టిందో గమనిస్తుంటే కిందపడ్డప్పుడు ఎవరిది పైచేయో సగం అర్థమవుతుంది. వ్యాఖ్యానం లేని లోటు అక్కడ కొంత తీరుతుంది.

మెయిన్ కార్డ్ బాగానే మొదలైంది. అజమత్ ముర్జకానోవ్, అలెగ్జాందర్ రాకిచ్‌ని తొలి రౌండులోనే పడగొట్టాడు. రష్యన్ బ్లాకులు లేచి నిలబడ్డాయి. తర్వాతిది అలెగ్జాండర్ వోల్కోవ్, జైల్టన్ అల్మేడా హెవీవెయిట్ ఫైట్. అభిమానులు ఇప్పటికీ కొట్టుకునేది దీని మీదే. బ్రెజిల్‌వాడైన అల్మేడా పదేపదే కింద పడేశాడు, చాలాసేపు మీదే ఉన్నాడు. కానీ మీద ఉండి పెద్దగా కొట్టలేదు, సబ్మిషన్‌కి (పట్టుతో ఓటమి ఒప్పించడానికి) దగ్గరగా పోలేదు. తీర్పు స్ప్లిట్ డెసిషన్‌గా (ముగ్గురు జడ్జీల్లో ఇద్దరి మాటతో) వోల్కోవ్‌కి పోయింది. 'దోపిడీ' అన్నారు కొందరు.

రూల్ చూస్తే అంత దోపిడీ కాదు. రౌండుకు గెలిచినవాడికి 10, ఓడినవాడికి 9 లేదా అంతకన్నా తక్కువ. జడ్జీలు ముందు చూడాల్సింది దెబ్బల ప్రభావం, పట్టు ప్రభావం. పట్టు అంటే పడేసి కూర్చోవడం కాదు. పడేశాక గుద్దులో, చోక్ ప్రయత్నమో, అవతలివాడిని దెబ్బతీసే పొజిషనో రావాలి. ఇందులో ఇద్దరూ సరిసమానమైతేనే దూకుడు చూడాలి. అదీ సమానమైతేనే కేజ్‌లో ఎవరి అదుపు నడిచిందన్నది లెక్క. అంటే స్క్రీన్ మీద పడే 'కంట్రోల్ టైమ్' అంకె ఒక్కటే జడ్జీ లెక్కలో రౌండు గెలిపించదు. ఆ అంకె చూసి రౌండు ఇచ్చుకుంటూ పోయినవాళ్లే స్కోర్లు చదివినప్పుడు నెత్తి పట్టుకున్నారు. వాళ్లది మొత్తం తప్పనీ అనలేం. టేక్‌డౌన్ (కింద పడేయడం) తర్వాత కాసిని చిన్న గుద్దులున్నా, అవతలివైపు అసలేమీ లేకపోతే రౌండు పైవాడిదే. ఎంత కొడితే చాలు అన్న దగ్గరే జడ్జీకీ జడ్జీకీ తేడా వస్తుంది.

దాగెస్తాన్‌వాడు ఉమర్ నుర్మగొమెదోవ్, మారియో బౌటిస్టా ఫైట్‌కి హాలంతా ఉమర్‌దే. పాయింట్ల మీద గెలిచాడు. మెకెంజీ డెర్న్, విర్నా జాండిరోబా ఐదు రౌండ్ల స్ట్రావెయిట్ (మహిళల తేలిక బరువు) టైటిల్ ఫైట్ మాత్రం పాపం సగం చెవులకే అందింది. జాంగ్ వేలి పై బరువుకి వెళ్తూ వదిలేసిన బెల్ట్ అది. డెర్న్ గెలిచింది. ఇద్దరూ జుజుట్సు ఆరితేరినవాళ్లు, ఒకరి నేలపట్టుకి మరొకరు జంకి నిలబడే ఎక్కువ కొట్టుకున్నారు. అదే టైములో జనం బాత్రూములకు, నీళ్లకు లేచారు. ఐదు గంటలు కూర్చున్నాక లేవడం సహజమే కానీ, లేచేదేదో రౌండ్ల మధ్య నిమిషంలో లేస్తే వెనకవాళ్లు తిట్టుకోరు.

ఇక మెయిన్ ఈవెంట్: ఆస్పినల్, ఫ్రాన్స్‌వాడు సిరిల్ గాన్.

ఆస్పినల్ 2023 నవంబర్‌లో మధ్యంతర బెల్ట్ (అసలు చాంపియన్ ఆడలేనప్పుడు పెట్టేది) గెలిచాడు. 2024 జులైలో మాంచెస్టర్‌లో దాన్ని నిమిషంలో కాపాడుకున్నాడు. ఆ తర్వాత అసలు చాంపియన్ జాన్ జోన్స్ కోసం నెలల తరబడి ఎదురుచూపే. 2025 జూన్‌లో జోన్స్ రిటైరయ్యాక బెల్ట్ పూర్తిగా ఇతనిదైంది. పదిహేను నెలల ఆకలితో వచ్చిన అభిమానుల ముందు ఇది పూర్తి చాంపియన్‌గా తొలి డిఫెన్స్. పైగా గాన్ తేలిగ్గా పోయే రకం కాదు. జాబ్‌తో (ముందు చేతి సూటి గుద్దుతో) దూరం పెట్టాడు, ఆస్పినల్ ముక్కు నుంచి రక్తం తెప్పించాడు. హాల్లో ఉత్కంఠ నిజంగానే పెరుగుతోంది. అప్పుడు తొలి రౌండ్ 4:35 దగ్గర గాన్ చాచిన వేళ్లు ఆస్పినల్ కళ్లలో దిగాయి.

కళ్లలో వేళ్లు ఇంత తరచుగా ఎందుకు పోతాయంటే, ఎంఎంఏ గ్లౌజు వేళ్లను వదిలేస్తుంది. పట్టు పట్టాలి కాబట్టి తప్పదు. దూరం కొలవడానికి పొడుగు చేతులవాళ్లు అరచెయ్యి చాచి ముందు పెడతారు. అవతలివాడు అదే క్షణంలో తలతో ముందుకొస్తే వేలు, కన్ను కలుస్తాయి. వేళ్లు ఎదుటివాడి ముఖం వైపు చాచడమే ఫౌల్ అని రూల్లో ఉంది. రిఫరీలు 'వేళ్లు పైకి' అని హెచ్చరించడమే ఎక్కువ, పాయింట్ కోసేది తక్కువ. 2024 జూన్‌లో యూఎఫ్‌సీ వేళ్లను లోపలికి వంచే కొత్త గ్లౌజులు తెచ్చి, ఆ ఏడాది ముగియకముందే పాతవాటికి తిరిగిపోయింది.

ఆస్పినల్‌కి అయిదు నిమిషాల గడువిచ్చారు. డాక్టర్ చూశాడు. కనపడడం లేదని ఆస్పినల్ అన్నాడు. ఫైట్ ఆపేశారు: నో కాంటెస్ట్, అంటే గెలుపూ లేదు, ఓటమీ లేదు. పొరపాటున జరిగిన ఫౌల్ వల్ల ఐదు రౌండ్ల ఫైట్‌లో మూడు రౌండ్లు పూర్తికాకముందే ఆగితే ఫలితం అదే. మూడు పూర్తయి ఉంటే అప్పటిదాకా ఉన్న స్కోర్లతో తీర్పు ఇచ్చేవారు. కావాలని చేశాడని రిఫరీ అనుకుని ఉంటే డిస్‌క్వాలిఫికేషన్. నో కాంటెస్ట్‌లో బెల్ట్ చాంపియన్ దగ్గరే ఉంటుంది.

హాల్లో ఈ వివరమేదీ వెంటనే చేరలేదు. కనిపించింది ఇంతే: ఆట ఆగింది, ఒకాయన కళ్లు మూసుకుని కూర్చున్నాడు, నిమిషాలు గడుస్తున్నాయి. ముందు నిశ్శబ్దం, తర్వాత ప్రోత్సాహపు చప్పట్లు. నిర్ణయం చదవగానే ఈలలు, 'బూ'లు. అప్పుడిక రిఫరీ చెయ్యి ఊపి ఆపాడన్నది తప్ప కారణం అందరికీ తెలియదు. ఇంటర్వ్యూ మైకు తీసుకుని ఆస్పినల్, నాకు కనపడట్లేదు, ఎందుకు అరుస్తున్నారని జనాన్నే నిలదీశాడు. ఇంటి దగ్గర కూర్చుని స్లోమోషన్ చూసినవాళ్లకు ఈ 'బూ'లు క్రూరంగా వినపడ్డాయి. హాల్లో ఉన్న అందరిదీ ఒకే కోపం కాదు. కొందరికి డబ్బు పోయిందన్న బాధ. కొందరికి గాన్ మీద. గాన్ తొలి రౌండు గెలుస్తున్నాడు కాబట్టి చాంపియన్ తప్పించుకున్నాడని అనుకున్నవాళ్లూ ఉన్నారు. ఈ మూడోరకం అన్యాయం. ఒక కన్ను మసకబారినా హెవీవెయిట్ గుద్దును అంచనా వెయ్యలేరు. అయిదు నిమిషాలన్నది ఆటగాడికిచ్చిన హక్కే తప్ప అది అయ్యేసరికి లేచి తీరాలన్న షరతు కాదు. తర్వాత వారాల్లో ఆస్పినల్‌కి కంటి కదలికను దెబ్బతీసే బ్రౌన్స్ సిండ్రోమ్ ఉందని వైద్యులు తేల్చిన సంగతి బయటికొచ్చింది.

కేజ్ పక్కన ఏం జరుగుతోందో తెలుసుకోవడానికి హాల్లో ఒకే దారి: ఫోన్‌లో ఎవరైనా రౌండు రౌండుకీ రాసే లైవ్ అప్‌డేట్ తెరిచి పెట్టుకోవడం. వీడియో వద్దు. అన్ని వేల ఫోన్ల మధ్య సిగ్నల్ ఆగి ఆగి వస్తుంది, టీవీ ప్రసారం కూడా కొన్ని సెకన్లు వెనక నడుస్తుంది. అక్షరాలు చాలు. చార్జింగ్ బ్యాంక్ చిన్నది జేబులో పెట్టుకోవాలి, పెద్ద బ్యాగులను గేటు దగ్గర ఆపేస్తారు. లెన్స్ మార్చే కెమెరా కూడా హోటల్లోనే వదలాలి. బయటికెళ్లి మళ్లీ రానిస్తారో లేదో టికెట్ షరతుల్లో ముందే చూసుకోవాలి. ఏసీకి పలుచటి జాకెట్ తప్పనిసరి.

ఫలితం చదివిన పది నిమిషాలకు అందరూ ఒకేసారి టాక్సీ లైన్ మీద పడతారు. యాప్‌లో రేటు అప్పుడే ఎక్కుతుంది. అరగంట లోపలే కూర్చుని, లేదంటే యాస్ బే నీళ్ల ఒడ్డున నడిచి, గుంపు పలచబడ్డాక పిలిస్తే కారు త్వరగా దొరుకుతుంది. పికప్ పాయింట్‌ని అరీనా గేటు కాకుండా కాస్త అవతలి హోటల్ పోర్టికో దగ్గర పెట్టుకుంటే ఇంకా మేలు. ఆ రాత్రి లైన్లో నిలబడ్డవాళ్లు మాత్రం గాన్‌కి ఆ రౌండు 10-9 ఇవ్వాలా వద్దా అన్నదాని మీదే వాదించుకుంటూ ముందుకు కదిలారు.