రాణి కోసం ఎందుకు ఏడ్చానంటే

ఎలిజబెత్ రాణి అంత్యక్రియలు టీవీలో చూస్తుంటే నాకు కన్నీళ్ళు ఆగలేదు. మా అమ్మాయి కాసేపు నన్నే చూసి, "ఏంటమ్మా ఇది? మన కోహినూర్ పట్టుకెళ్ళినవాళ్ళ కోసం ఏడుస్తున్నావా? తాతయ్య ఉంటే ఏమనేవారు?" అంది. దానికి పదహారేళ్ళు, పుట్టిందీ పెరిగిందీ ఇంగ్లండ్‌లో, మేముండే లెస్టర్‌లోనే. ఆ పూటకి దానికేమీ చెప్పలేకపోయాను. చెప్పాల్సింది చాలా ఉంది.

కోహినూర్ సంగతి నాకూ తెలుసు. మాది నరసరావుపేట. ఆ వజ్రం దొరికిందని చెప్పుకునే కొల్లూరు మా వైపుదే, ఇప్పుడది పులిచింతల నీళ్ళ కింద ఉంది. 1849లో లాహోర్ ఒప్పందం పేరు చెప్పి, పదేళ్ళ పిల్లాడైన దులీప్ సింగ్ దగ్గర దాన్ని తీసుకున్నారు. అది కానుకగా వచ్చిందని ఇక్కడ ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. తిరిగి ఇచ్చెయ్యాలని నేనూ అంటాను. కానీ ఆ రోజు శవపేటిక చూస్తుంటే ఆ వజ్రం నాకు గుర్తు రాలేదు.

నాకు కనపడింది 2021 ఏప్రిల్ 17. విండ్సర్‌లో సెయింట్ జార్జ్ చాపెల్. డెబ్బై మూడేళ్ళు కాపురం చేసిన భర్త ఫిలిప్ అంత్యక్రియలకి, నల్ల మాస్కు పెట్టుకుని, అటూ ఇటూ ఎవరూ లేకుండా కూర్చున్న తొంభై నాలుగేళ్ళ ముసలావిడ. నలుగురు పిల్లలూ అక్కడే ఉన్నారు. ఎవరూ వచ్చి పక్కన కూర్చోలేదు. కోవిడ్ నియమం అది. అంత్యక్రియలకి ముప్పై మందే రావాలి, వేరే ఇళ్ళవాళ్ళు దూరంగా ఉండాలి. మన ఇళ్ళలో అయితే భర్త పోయిన మనిషిని పెద్దకర్మ దాకా ఒక్క క్షణం ఒంటరిగా వదులుతారా?

ఆ తర్వాత మూడు వారాలకే మా నాన్న గుంటూరు ఆసుపత్రిలో పోయారు. కోవిడే. అప్పటికి ఇండియా బ్రిటన్ రెడ్ లిస్టులో, అంటే రాకపోకలకి ఆంక్షలు పెట్టిన దేశాల జాబితాలో ఉంది. వెళ్తే తిరిగొచ్చాక పది రోజులు హోటల్లో క్వారంటైన్, మనిషికి 1,750 పౌండ్లు. డబ్బు ఎలాగో తెచ్చేదాన్ని. కానీ నేను ఫ్లైట్ ఎక్కేలోపే అంతా అయిపోయింది. తమ్ముడు పీపీఈ కిట్ వేసుకుని తలకొరివి పెట్టాడు. అమ్మకీ పాజిటివే. మేడ మీద గదిలో ఒక్కతే ఉండి, తలుపు సందులోంచి పెట్టిన అన్నం తీసుకునేది. అమ్మని ఆ పది రోజులూ ఎవరూ ముట్టుకోలేదు. రాణి ఫొటో ఎప్పుడు కనపడినా నాకు ఆ గదే గుర్తొస్తుంది.

ఇంకొకటి కూడా ఉంది. నేను నర్సుని. 2020లో మా వార్డు తలుపు దగ్గర నిలబడి, లోపలికి రావద్దని చెప్పే పని నాది. ఒక పెద్దాయన భార్య నైట్‌గౌను, కళ్ళజోడు సంచిలో పెట్టుకొచ్చి, ఐదు నిమిషాలు చూసి వెళ్ళిపోతానన్నాడు. నియమాలు ఒప్పుకోవన్నాను. ఆయన గొడవ చెయ్యలేదు, థాంక్యూ చెప్పి సంచి నా చేతికిచ్చి వెళ్ళాడు. ఆవిడ పోయేటప్పుడు ట్యాబ్లెట్ పట్టుకుని ఆయన మొహం చూపించింది నేనే.

అలాంటి నాకు, 2021 డిసెంబరు నుంచి డౌనింగ్ స్ట్రీట్‌లో, అంటే ప్రధాని ఇంట్లో, కోవిడ్ నియమాలు ఉండగానే జరిగిన పార్టీల కబుర్లు ఒక్కొక్కటే బయటికొస్తుంటే ఎలా ఉంటుందో చెప్పండి. ఫిలిప్ అంత్యక్రియలకి ముందు రోజు రాత్రి, దేశమంతా సంతాపంలో ఉండగా, ప్రధాని కార్యాలయంలో రెండు వీడ్కోలు పార్టీలు జరిగాయి. సూట్‌కేసులో వైన్ సీసాలు తెప్పించుకున్నారని పత్రికలు రాశాయి. అప్పటి ప్రధాని బోరిస్ జాన్సన్ ఆ రాత్రి అక్కడ లేడు, అది నిజమే. కానీ ఆ ఇల్లు ఆయనది, ఆ మనుషులు ఆయన మనుషులు. 2022 జనవరిలో ప్రధాని కార్యాలయం రాణికి క్షమాపణ చెప్పింది. ఆ సంచి తెచ్చిన పెద్దాయనకి ఎవరు చెప్పారు?

మన వాట్సాప్ గ్రూపుల్లో వచ్చిన మాటలు నన్ను ఇంకా బాధపెట్టాయి. "మన దగ్గర కోట్లు తిన్నా కుర్చీ వదలరు, అక్కడ లాక్‌డౌన్‌లో పుట్టినరోజు కేకు ముక్క తిన్నందుకు ప్రధాని పదవే పోయింది, దేశమంటే అదీ" అని ఒకటే మెచ్చుకోళ్ళు. అది కేకు గొడవ కాదు. పోలీసులు 83 మందికి 126 జరిమానాలు వేశారు, ప్రధానితో సహా. అయినా ఆయన దిగలేదు. జూన్‌లో సొంత పార్టీ ఎంపీల ఓటింగులో 211-148తో నెగ్గి కూర్చున్నాడు. వేరే గొడవ మీద మంత్రులు వరసగా రాజీనామాలు చేశాకే జులైలో తప్పుకుంటానన్నాడు. పార్లమెంటుకి తెలిసే తప్పు చెప్పాడని సభా హక్కుల కమిటీ తేల్చింది 2023 జూన్‌లో. అప్పటికి ఎంపీ పదవి కూడా వదిలేసుకుని వెళ్ళిపోయాడు.

అలాగని మన దగ్గర మేలని నేననను. రాణి అలా కూర్చున్న అదే శనివారం తిరుపతిలో, నాగార్జున సాగర్‌లో ఉప ఎన్నికల పోలింగ్. అంతకు ముందు వారాల్లో సభలకి జనం ఎలా వచ్చారో టీవీల్లో చూశాం. తర్వాత నెలలో ఎంత మంది పోయారో మా ఊళ్ళో ప్రతి వీధీ చెబుతుంది. దాని గురించి మనం ఒక్కరిని కూడా నిలదీయలేదు. ఇక్కడివాళ్ళు కనీసం అడిగారు. ఏడాదిన్నర పాటు, విసుగు లేకుండా అడిగారు. నాకు గొప్పగా అనిపించింది అదొక్కటే.

రాణి భౌతికకాయాన్ని వెస్ట్‌మినిస్టర్ హాల్లో ఉంచినప్పుడు నేనూ వెళ్ళాను, మా వార్డులో పనిచేసే ఒకావిడతో. ఆవిడ తల్లి 2020లో కోవిడ్‌తో పోయింది. థేమ్స్ పక్కన, పార్లమెంటుకి ఎదురుగా, కోవిడ్ మృతుల కోసం వాళ్ళ కుటుంబాలు ఎర్రటి గుండె గుర్తులు వేసిన గోడ ఉంది. లైన్ దాని పక్కనుంచే సాగింది. తన తల్లి పేరున్న చోటు చూపించి, ఆవిడ సంచిలోంచి ఎర్ర పెన్ను తీసి, "మీ నాన్నగారి పేరు రాయండి" అంది. ఆయన ఇండియాలో కదా పోయింది అన్నాను. "మీరు ఇక్కడ కదా ఏడ్చింది" అంది. తెలుగులోనే రాశాను. ఇన్నేళ్ళలో ఈ దేశంలో నాతో ఎవరూ అంత దగ్గరగా మాట్లాడలేదు.

నాన్న పోయాక అమ్మ నరసరావుపేటలో ఒక్కతే ఉంటోంది. తమ్ముడు బెంగళూరులో. నా దగ్గరికి శాశ్వతంగా తెచ్చుకుందామంటే 2012 జులైలో మార్చిన ఇక్కడి వీసా నియమాలు అడ్డం. పెద్దవాళ్ళు తమ పనులు తాము చేసుకోలేని స్థితిలో ఉండాలి, మనం డబ్బు పంపినా అక్కడ చూసుకునే మనిషి దొరకడని రుజువు చెయ్యాలి. అమ్మ ఇంకా తనే వంట చేసుకుంటుంది కాబట్టి కుదరదు. ఈ నియమాన్నీ నేను పాటిస్తున్నాను. ఒంటరిగా ఉండటమే ఆవిడకి జబ్బని ఏ కాలమ్‌లో రాయాలో తెలియదు.

మా ఎంపీకి ఉత్తరం రాశాను. విధానంలో మార్పు ఆలోచన లేదని, నా పరిస్థితికి సానుభూతి ఉందని జవాబొచ్చింది. ఈసారి అమ్మ డాక్టరు కాగితాలు కూడా జతచేసి మళ్ళీ రాస్తున్నాను. ఇంగ్లీషు మా అమ్మాయి సరిచూస్తోంది.