లింబో తీసేశారట

"ఇంకా లింబో ఏమిటి వదినా, 2007లోనే తీసేశారుగా" అన్నాడు మరిది, సమాధుల పండుగ పూజ నుంచి వస్తూ. రేషన్ కార్డులో పేరు కొట్టేసినంత తేలిగ్గా. పదకొండు దాటింది, ఒళ్లు మండుతూనే ఉంది.

లింబో అంటే జ్ఞానస్నానం (బాప్తిస్మం) అందకుండా పోయిన పసివాళ్లు మోక్షానికి బయట ఉండిపోతారని చెప్పే చోటు. తీసేయడానికి అది ఏనాడూ విశ్వాస సత్యం కాదు, మధ్యయుగపు క్రైస్తవ వేదాంతుల ఊహ. 2007లో వాటికన్ వేదాంత సంఘం చెప్పింది కూడా, జ్ఞానస్నానం అందకుండా పోయిన పసివాళ్లు రక్షణ పొందుతారని ఆశించడానికి గట్టి కారణాలున్నాయని మాత్రమే. ఖాయం అనలేదు. మరిది వార్త శీర్షిక దాటి చదివి ఉండడు.

నాయనమ్మ తొలిచూలు బిడ్డ మూడో రోజునే పోయాడు. ఫాదర్ గారు పొరుగూళ్లో ఉన్నారు. ప్రాణం మీదికి వస్తే ఎవరైనా నీళ్లు పోసి జ్ఞానస్నానం ఇవ్వవచ్చని ఇంట్లో ఒక్కరికీ తెలియదు. జ్ఞానస్నానం లేదని సమాధుల తోట కంచె బయట పూడ్చారు. ఏటా నవంబరు 2న అందరూ లోపల కొవ్వొత్తులు వెలిగిస్తుంటే, నాయనమ్మ ఒకటి చెంగు చాటున పట్టుకుని కంచె అవతలికి నడిచేది. గాలికి ఆరిపోయేది, మళ్లీ వెలిగించేది. తర్వాత ప్రహరీ కట్టారు. ఆ చోటు ఎక్కడో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు.

ఇది ఆ లింబో గురించి రాసిన వేదాంతి తోమాసు అక్వినాసును తిడదామని మొదలుపెట్టాను. 13వ శతాబ్దంలో కూర్చుని మా నాయనమ్మ బిడ్డను మోక్షం గడప బయట నిలబెట్టిన మహానుభావుడని. కానీ ఆయనకు ఎనిమిది వందల ఏళ్ల ముందు మరో వేదాంతి అగుస్తీను అలాంటి బిడ్డలకు శిక్ష తప్పదన్నాడు, అన్నిటికన్నా తేలికపాటిదే అయినా. అక్వినాసు ఆ బాధను తీసేశాడు. ఏం పోగొట్టుకున్నారో వాళ్లకు తెలియదు కనుక దుఃఖమూ ఉండదన్నాడు. ఆ కాలానికి అది దయే. తిట్టలేకపోతున్నాను.

సరే, బిడ్డకు దుఃఖం లేదు. తల్లి సంగతి?

తల్లిదండ్రులు జ్ఞానస్నానం ఇప్పించాలనుకుని ఉంటే, అలాంటి బిడ్డకు గుడిలో అంత్యక్రియలు జరిపించడానికి బిషపు గారు అనుమతించవచ్చని 1983 నాటి కథోలిక సభ ధర్మశాస్త్రంలో ఉంది. అప్పటికి నాయనమ్మే లేదు.

పూజకు మృతుల పేర్లు రాసివ్వాల్సిన కాగితం ఇంకా బల్ల మీదే ఉంది. వాడికి పేరు పెట్టలేదు. పైగా ఆ పూజలు ఉత్తరించు స్థలంలో, అంటే మోక్షానికి ముందు పాపాల మరకలు కడిగేసుకునే చోట ఉన్న ఆత్మల కోసం. పాపమే ఎరగని వాడికి ఎందుకని మరిది తప్పకుండా అంటాడు. అననీ. "సువార్తమ్మ పెద్ద కొడుకు" అని రాసేశాను.