ఢిల్లీ పేపర్లో వచ్చిన పేరులేని ఉత్తరం

1983 జులైలో ఢిల్లీ నుంచి వెలువడే 'పేట్రియాట్' అనే ఇంగ్లిష్ పత్రికలో పేరు లేని ఉత్తరం ఒకటి అచ్చయింది. రాసినాయన తనను తాను పేరున్న అమెరికన్ శాస్త్రవేత్తగా చెప్పుకున్నాడు. ఎయిడ్స్‌ని అమెరికా సైన్యమే ఫోర్ట్ డెట్రిక్ ల్యాబులో తయారు చేసిందనీ, ఆ ప్రయోగాలను ఇప్పుడు పాకిస్తాన్‌కి మార్చబోతున్నారనీ, జబ్బు ఇండియాకీ రావచ్చనీ అందులో ఉంది. పారిస్ శాస్త్రవేత్తలు ఎయిడ్స్ తెచ్చే వైరస్ (హెచ్‌ఐవీ) గురించి ప్రకటించి అప్పటికి రెండు నెలలే. ఉత్తరం వెనక ఉన్నది సోవియట్ గూఢచారి సంస్థ కేజీబీ.

తర్వాత రెండేళ్లు పెద్ద చప్పుడేమీ లేదు. 1985 అక్టోబరులో మాస్కో వారపత్రిక 'లితెరతూర్నయ గజెత' అదే కథ ఎత్తుకుని, ఆధారంగా మన ఢిల్లీ పత్రికనే చూపించింది. వాళ్లు నాటించిన మాటే మూడో దేశం సాక్ష్యమైపోయింది! మరుసటి ఏడాది తూర్పు జర్మనీ శాస్త్రవేత్త యాకోబ్ సెగాల్ దానికి సైన్సు రంగు పూశాడు. జింబాబ్వే రాజధాని హరారేలో అలీన దేశాల సదస్సుకి వచ్చినవాళ్ల చేతుల్లోకీ అది చేరింది. 1987 కల్లా 80కి పైగా దేశాల్లో, 30కి పైగా భాషల్లో తిరిగింది.

నేను గుంటూరు జిల్లాలో హెచ్‌ఐవీ కౌన్సెలర్‌గా చాలా ఏళ్లు పనిచేశాను. పేట్రియాట్ పేరు కూడా వినని మనుషులు నా ముందు కూర్చుని ఇదే మాట అనేవాళ్లు. ఒక లారీ డ్రైవర్ అయితే, "జబ్బు అమెరికావోడు వదిలిందేనంట గదా మేడం, మరి ఆ మందులు మాత్రం నమ్మేదెట్టా?" అన్నాడు. నాకు భయం వేసింది అక్కడే. ఆ కథని పూర్తిగా నమ్మక్కర్లేదు, కాస్త అనుమానం చాలు, మనిషి మాత్రలు వేసుకోవడం వాయిదా వేస్తాడు. ఈ జబ్బులో వాయిదా అంటే ప్రాణం మీదికే.

ఆ అబద్ధం అంత గట్టిగా నిలబడటానికి కారణం దాని కింద కొంత నిజం ఉండటమే. ఫోర్ట్ డెట్రిక్‌లో 1969 దాకా జీవాయుధాల మీద పని జరిగింది. అలబామాలోని టస్కిగీలో 1932 నుంచి 1972 దాకా, సిఫిలిస్ ఉన్న నల్లజాతి మగవాళ్లకి మందు ఇవ్వకుండా ప్రభుత్వ వైద్యులే చూస్తూ కూర్చున్నారు. అలాంటి చరిత్ర ఉన్న దేశం గురించి ఎవరేం చెప్పినా జనం నమ్ముతారు. అందుకే అనుమానపడేవాళ్ల మీద నాకు ఎప్పుడూ కోపం రాలేదు. ఆ అనుమానాన్ని లెక్కగట్టి వాడుకున్నవాళ్ల మీదే నా కోపం.

1987లో సోవియట్ శాస్త్రవేత్తలే ఆ కథని కాదన్నారు. 1992లో రష్యా విదేశీ గూఢచారి సంస్థ అధిపతి ప్రిమకోవ్ తమవాళ్ల పాత్ర ఒప్పుకున్నాడు. ఆ ఒప్పుకోలు మా కౌన్సెలింగ్ గదుల దాకా రాలేదు.

కొత్తగా చేరిన కౌన్సెలర్లకి నేను ఒకటే చెప్పేదాన్ని. ఎవరైనా ఈ మాట అంటే నవ్వొద్దు, కసరొద్దు. టస్కిగీ నిజమేనని ముందు ఒప్పుకోండి. ఆ తర్వాత, 1959లో కాంగోలోని కిన్షాసాలో తీసిన రక్తంలోనే ఈ వైరస్ దొరికిందనీ, అది ఆఫ్రికా చింపాంజీల నుంచి మనుషులకి వచ్చిందనీ చెప్పండి. ఆ డ్రైవర్‌కి నేను మాత్రల డబ్బా తిప్పి, లేబుల్ మీద హైదరాబాద్ అని ఉన్నచోట వేలు పెట్టి చూపించాను. "మనోళ్లే చేస్తారా?" అని అడిగి, డబ్బా తీసుకుని వెళ్లాడు. తర్వాతి నెల మందుల కోసం మళ్లీ వచ్చాడు.